పంచాంగము మనకు పరాయిదా?

2024 జూన్ మాసములో మా తరగతి విద్యార్థి ఒకడు పరీక్ష ఫీజు గడువు దాటిన తరువాత మా వద్దకు వచ్చి తల వంచుకొని నిలబడినాడు. కారణమేమని అడిగినాము. "మూఢం వచ్చింది సార్. అది పోయినంక ఆషాఢం. శ్రావణం దాకా లగ్గాలు లేవు. అబ్బా దగ్గర పైసలు లేవు" అన్నాడు. అతని తండ్రి పటాన్‌చెరు ప్రాంతమున షామియానాలు, కుర్చీలు, రంగు దీపములు అద్దెకిచ్చి కుటుంబమును పోషించుకొనువాడు. ఐదు పూటల నమాజు తప్పని ఇల్లు. ఆ ఇంటి పొయ్యి వెలుగుట శుక్రుడు, గురుడు అను రెండు గ్రహముల నడక మీద ఆధారపడి ఉన్నదని మాకు ఆనాడే తెలిసినది.

ఇంకొక సంగతి కూడ సిగ్గుతో ఒప్పుకొనవలసి ఉన్నది. మేము తెలుగు సాహిత్యమున ఎం.ఏ. పట్టా పొందినవారము. మూఢుడనగా తెలివి లేనివాడని విద్యార్థులకు అర్థము చెప్పగలము. కాని పెండ్లిండ్లను ఆపివేయు మూఢము ఏమిటో, అది ఆకాశమున ఎట్లు ఏర్పడునో ఆనాడు మాకు తెలియదు. షామియానాల వ్యాపారి కొడుకునకు తెలిసిన మాట తెలుగు ఉపన్యాసకునికి తెలియలేదు. ఫీజు సంగతి ఎట్లో సర్దుబాటు చేసి, ఆ సాయంత్రమే గంటల పంచాంగము ఒకటి కొని తెచ్చుకొన్నాము.

మూఢము, అనగా మౌఢ్యము, వట్టి కల్పన కాదు. గురుడు గాని శుక్రుడు గాని మన చూపునకు సూర్యుని దరి చేరి, ఆయన కాంతిలో కలిసిపోయి కనబడకుండుటయే మౌఢ్యము. 2024 మే 18న గురుడును, జూన్ 4న శుక్రుడును సూర్యునికి సరిగా ఆవలి వైపునకు చేరినారు. రెండు మౌఢ్యములు ఒకదానిమీద ఒకటి పడినవి. అందువలననే ఆ వేసవిలో, మామూలుగా పెండ్లిండ్లతో ఊరు ఊగిపోవలసిన మే, జూన్ నెలలలో, బ్యాండు మేళములు మూగబోయినవి. పూలు అమ్మువారు, గాజులు అమ్మువారు, వంట చేయువారు, షేర్వాణీలు కుట్టు దర్జీలు ఖాళీగా కూర్చున్నారు. వీరిలో ముస్లిములెందరో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. గ్రహము కనబడనప్పుడు పెండ్లి ఎందుకు చేయరాదన్నది విశ్వాసమునకు సంబంధించిన ప్రశ్న. గ్రహము ఏనాడు కనబడకుండ పోవును, ఏనాడు మరల తోచును అన్నది గణితము. ఈ రెంటిని విడదీసి చూచుట చేతకాకనే మనలో కొందరు పంచాంగమును మొత్తముగా మ్రొక్కుచున్నారు, కొందరు మొత్తముగా త్రోసివేయుచున్నారు.

మన కళాశాలలో రెండవ కోవవారే ఎక్కువ. తెలుగు తరగతిలో తిథి, వార, నక్షత్రములను గూర్చి నాలుగు పాఠములు చెప్పెదమని, గ్రంథాలయమునకు పంచాంగము తెప్పించవలెనని మేము కోరినప్పుడు, మైనారిటీ విద్యాసంస్థలో ఇది తగునా అని ఒక పెద్దమనిషి సందేహము వెలిబుచ్చినారు. వారి సందేహమును మేము తేలికగా తీసుకొనము. తమ పిల్లల ఈమానును కాపాడుకొనవలెనను ఆరాటము అందులో ఉన్నది. బయట మరొక సందేహము కూడ విన్నాము. తురకాయనకు తిథులెందుకని నవ్వినవారు ఉన్నారు. ఈ రెండు మాటలు రెండు వైపులనుండి వచ్చినను, పంచాంగము ఒక మతమువారి సొత్తు అను ఒకే తలంపులోనుండి పుట్టినవి. ఆ తలంపు సరియైనది కాదని చెప్పుటకే ఈ వ్యాసము.

పంచాంగమనగా ఐదు అంగములు: తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము. సూర్యునికి చంద్రునికి మధ్య ఎడము పన్నెండు డిగ్రీలు పెరిగిన ఒక తిథి గడిచినట్లు. చుట్టు మొత్తము 360 డిగ్రీలు గనుక నెలకు ముప్పై తిథులు. చంద్రుడు ఎల్లప్పుడు ఒకే వేగమున నడువడు. భూమికి దగ్గరైనప్పుడు త్వరపడును, దూరమైనప్పుడు మందగించును. కావున తిథి ఒకప్పుడు ఇరువది గంటలలో ముగియును, ఒకప్పుడు దాదాపు ఇరువదియేడు గంటలు సాగును. సూర్యోదయ సమయమున ఏ తిథి ఉన్నదో ఆ దినమునకు ఆ తిథి పేరు. ఏ సూర్యోదయమునకును అందని పొట్టి తిథి క్షయతిథి. రెండు సూర్యోదయములను తాకిన పొడుగు తిథికి వృద్ధి అని పేరు. నిన్న దశమి, నేడు ద్వాదశి, నడుమ ఏకాదశి ఏమైనదని ఆశ్చర్యపడు విద్యార్థికి ఇదియే సమాధానము.

నక్షత్రము చంద్రుడున్న చోటును తెలుపును. ఆకాశ చక్రమును ఇరువదియేడు భాగములు చేసినచో ఒక్కొక్క భాగము 13 డిగ్రీల 20 నిమిషములు. చంద్రుడు ఇంచుమించు రోజుకొక భాగము దాటును. సూర్యుడు అదే భాగమును దాటుటకు పదమూడు పదునాలుగు దినములు పట్టును. దానినే మన రైతు కార్తె అన్నాడు. రోహిణి కార్తె ఎండ, మృగశిర కార్తె తొలకరి, ఆరుద్ర కార్తె వాన. సంగారెడ్డి పల్లెలలో సేద్యము చేయు ముస్లిము రైతు విత్తనము వేయుటకు హిజ్రీ తేదీని చూడడు, కార్తెనే చూచును. మృగశిర నాడు చేపల అంగడిలో ఎవరి మతమేదో పోల్చుట కష్టము. యోగము సూర్యచంద్రుల స్థానములను కూడగా వచ్చినది. కరణము తిథిలో సగము. ఈ రెండు పురోహితులకు తప్ప ఇతరులకు అంతగా పనికిరావు గనుక వాటిని ఇంతటితో విడుచుచున్నాము.

ఇక కాలపు కొలతలు. దినమునకు అరువది గడియలు, గడియకు ఇరువదినాలుగు నిమిషములు, రెండు గడియలు ఒక ముహూర్తము. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీటిపై తేలవేసి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును గడియగా లెక్కించి, కంచు పళ్లెముపై కొట్టువారు. హిందూస్తానమునకు వచ్చిన బాబరు ఈ పద్ధతిని చూచి, తన ఆత్మకథలో వివరముగా వ్రాసినాడు. రాత్రివేళ గడియల మ్రోత విని మేల్కొన్నవారికి అది ఏ పహరో తెలియుట లేదని గమనించి, గడియల వెంట పహరు సంఖ్యను కూడ కొట్టించవలెనని ఆజ్ఞ చేసినాడు. మన తెలుగు గడియారము, ఉర్దూ ఘడీ ఒకే తల్లి బిడ్డలు. ఉర్దూ తరగతిలో ఘడీ అని చదివి, ప్రక్క గదిలో గడియ అని చదివి, రెండింటికి సంబంధము లేదనుకొని ఇంటికి పోవు విద్యార్థిని చూచినప్పుడు మాకు నవ్వును, బాధయు కలుగుచుండును.

పంచాంగమును ఓపికతో చదివి అరబ్బీ లోకమునకు చెప్పిన తొలి గొప్ప పండితుడు అల్ బిరూనీ. సంస్కృతము నేర్చి, సుమారు 1030 ప్రాంతమున హిందూ దేశమును గూర్చి వ్రాసిన ఉద్గ్రంథమున ఆయన తిథులకు, కరణములకు, యోగములకు చోటిచ్చినాడు. లెక్క మెచ్చదగిన చోట మెచ్చినాడు, నమ్మరాని మాటను నమ్మలేదని నిర్భయముగా చెప్పినాడు. ఆయన ఈమానునకు దానివలన లోపము కలిగినదని ఎవరును అనలేదు. మన హైదరాబాదులోనే 1901లో నవాబ్ జఫర్ జంగ్ దూరదర్శినిని తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేసినాడు. అది తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. నక్షత్రములను కొలుచుట మనకు పరాయి పని అనువారు ఈ పేర్లను ఒకమారు జ్ఞాపకము చేసికొనవలెను.

అన్నిటికన్న మాకు ప్రియమైన ఉదాహరణము మనమందరము కళ్లార చూచినదే. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చినది, రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చినది. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ పండుగ మార్చి 31. తెల్లాపూర్ అంగడిలో వేపపూవు, మామిడికాయ ఒక ప్రక్క, ఖర్జూరము, సేమియాలు మరొక ప్రక్క రాసులు పోసినారు. ఇది కాకతాళీయమని పత్రికలు వ్రాసినవి. కాకతాళీయము కాదు. రెండు పండుగలకు కారణము ఒకే అమావాస్య వెనుక పుట్టిన ఒకే చంద్రుడు. తెలుగువారి నెల అమావాస్య ముగిసిన పాడ్యమితో మొదలగును. హిజ్రీ నెల ఆ క్రొత్త చంద్రుడు కంటికి కనబడిన సాయంత్రముతో మొదలగును. ఆ రెండు సంవత్సరములలోను రంజాన్ మాసము, ఫాల్గుణ మాసము ప్రక్కప్రక్కనే నడచినవి.

అయినచో ఒక ఏట రెండు దినముల ఎడము, మరొక ఏట ఒక్క దినమే ఎందుకు? ఇందుకు సమాధానము పంచాంగమున అమావాస్య ముగియు గడియను చూచిన దొరకును. 2024లో అమావాస్య ఏప్రిల్ 8 రాత్రి పదకొండు గంటల యాబై నిమిషములకు ముగిసినది. ఉగాది సాయంత్రము సూర్యుడు అస్తమించు వేళకు చంద్రుని వయస్సు పందొమ్మిది గంటలైనను నిండలేదు. అంత లేత చంద్రుడు మన కంటికి అందలేదు. మరునాటి సాయంత్రము కనబడినాడు, ఆ మరునాడు పండుగ. 2025లో అమావాస్య మార్చి 29 సాయంత్రము నాలుగున్నరకే ముగిసినది. ఉగాది సాయంత్రమునకు చంద్రుని వయస్సు ఇరువదియారు గంటలు. ఆ సాయంత్రమే నెలవంక కనబడినది. మిద్దెల మీద నిలబడి వేలు చూపిన పిల్లలకు, చంద్రదర్శన కమిటీ ప్రకటనకై ఫోనులు పట్టుకొని కూర్చున్న పెద్దలకు ఈ లెక్క తెలియదు. తెలిసినంత మాత్రమున ధర్మము మారదు. కంటితో చూచి పండుగ చేయవలెనన్న నియమము నియమమే. కాని ఏ సాయంత్రము కంటికి అందగలదో, ఏ సాయంత్రము అందజాలదో ముందుగా తెలిసియుండుట చూచువానికి మేలు చేయునే గాని కీడు చేయదు.

ఈ జంట నడక ఎల్లకాలము సాగదు. పన్నెండు చాంద్ర మాసములు 354 దినములు మాత్రమే. సూర్యుని సంవత్సరమునకు పదకొండు దినములు తక్కువ. పంచాంగకర్త ఆ లోటును సుమారు ముప్పైరెండున్నర నెలలకొకమారు అధిక మాసము చేర్చి పూరించును. ఇస్లాము నెలలను జరుపు ఆ ఆచారమును నిషేధించినది. తౌబా సూరాలో ముప్పదియేడవ ఆయతును ధార్మిక విద్య నేర్చు విద్యార్థులు చూడవచ్చును. అందువలన రంజాన్ ముప్పైమూడేండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. ఎండలోను, వానలోను, చలిలోను ఉపవాసముండు భాగ్యము ఒకే జీవితమున లభించును. 2023లో అధిక శ్రావణము వచ్చినది. ఆ మాసముననే ముహర్రము పడినది. మరుసటి ఏట ముహర్రము ఒక మాసము వెనుకకు జరిగి ఆషాఢమున పడినది. పీర్ల పండుగకు గుండము త్రవ్వు మన పల్లెల హిందువులు ఈ జరుగుబాటును వ్రేళ్లపై లెక్కపెట్టి చెప్పుదురు. 2026లో జ్యేష్ఠమునకు అధికము వచ్చుటతో ఉగాదికి, రంజాన్ పండుగకు ఏర్పడిన ఈ జత విడిపోవుచున్నది.

ఋతువును విడిచిన నెలతో పన్ను వసూలు చేయుట కష్టము. పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చును. మొగలుల కాలమున పుట్టిన ఫసలీ సంవత్సరము ఈ చిక్కును విప్పుటకే. నిజాము రాజ్యమున అది ఆజూరు మాసముతో అక్టోబరులో మొదలగును, మద్రాసు రాజధాని జిల్లాలలో జూలై 1న మొదలగును. ఫసలీకి 590 కూడిన క్రీస్తు శకము వచ్చును. 1340 ఫసలీ అనగా 1930లో మొదలైన సంవత్సరము. 2018లో పురపాలక సంఘమై, చూచుచుండగానే బహుళ అంతస్తుల భవనములతో నిండిపోయిన తెల్లాపూర్‌లో ఈ చిన్న కూడిక ఎంత విలువ చేయునో చెప్పనక్కరలేదు. తాతల నాటి సేత్వారు కాగితమును చేతబట్టుకొని, దాని తేదీ ఏ కాలమునాటిదో తెలియక దళారి నోటికేసి చూచు మన ఇంటి పిల్లలు ఉన్నారు.

ఒక్క తెల్లాపూర్‌లోనే రోజు నాలుగు మారులు మొదలగుచున్నది. బ్యాంకువారికి అర్ధరాత్రి, పంచాంగమువారికి సూర్యోదయము, మసీదువారికి సూర్యాస్తమయము, రామచంద్రాపురము బీహెచ్ఈఎల్ కార్మికునికి తన షిఫ్టు. గోడ గడియారము కూడ సూర్యునితో పూర్తిగా ఏకీభవించదు. భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల రేఖాంశమునకు చెందినది. మన ఊరు సుమారు 78¼ డిగ్రీల వద్ద ఉన్నది. కావున మన సూర్యుడు గడియారము కంటె దాదాపు పదునేడు నిమిషములు వెనుక. కాకినాడకు ఆ తేడా ఒక్క నిమిషమే. గోదావరి తీరమున గణించిన పంచాంగమును మార్చకుండ ఇక్కడ వాడుట ఎంత పొరపాటో, వేరొక నగరపు నమాజు వేళల పట్టికను మన మసీదు గోడకు తగిలించుట అంతే పొరపాటు. జొహర్ నమాజు వేళ మధ్యాహ్న సూర్యుని అనుసరించును గాని పన్నెండు గంటల ముల్లును కాదు. మసీదు పట్టిక, పంచాంగపు సూర్యోదయాస్తమయ పట్టిక ఒకే గణితపు రెండు నకళ్లు.

రాహుకాలము మాటకు వత్తుము. పగటిని ఎనిమిది భాగములు చేసి వారమునకొక భాగమును రాహువునకు కేటాయించినారు. ఆదివారమునకు ఎనిమిదవ భాగము. క్యాలెండరుపై నాలుగున్నర నుండి ఆరు అని అచ్చువేయుదురు. ఇది ఆరు గంటలకు సూర్యుడు ఉదయించి ఆరు గంటలకు అస్తమించు దినమునకు మాత్రమే సరిపడును. జూన్ మూడవ వారమున మన ఊరిలో పగలు పదమూడు గంటలకు పైబడి ఉండును. అప్పుడు ఎనిమిదవ భాగము సుమారు అయిదుంబావునకు మొదలై ఏడు గంటలకు కొంచెము ముందు ముగియును. నాలుగున్నరకు భయపడి ప్రయాణము మాని, ఆరు దాటగానే ఒకవేళ బయలుదేరినచో నమ్మినవాడు తన నమ్మకము ప్రకారమే చెడినట్లు! నమ్మువారు సైతము లెక్క నేర్వవలెనని మా అభిప్రాయము. మేము నమ్మము. రాహువు చంద్రమార్గము సూర్యమార్గమును ఖండించు బిందువు. గ్రహణము ఎప్పుడు పట్టునో చెప్పుటకు అది అవసరము. బస్సు ఎక్కుటకు దానితో పని లేదు.

అయితే ఇతరుల రాహుకాలమును చూచి నవ్వుటకు మనకు హక్కున్నదా? సఫర్ మాసము మొదటి పదమూడు దినములను తేరా తేజీ అని పిలిచి, దక్కనులో మన ఇండ్లలో పెండ్లి మాట ఎత్తనివారెందరు! సఫర్‌లో అపశకునము లేదని ప్రవక్తగారు స్పష్టముగా చెప్పియున్నను వినిపించుకొనము. చంద్రుడు వృశ్చికమున ఉండు దినములను ఖమర్ దర్ అఖ్రబ్ అని ఉర్దూ జంత్రీలలో వెదకి నిఖా తేదీని మార్చు పెద్దలను మేము ఎరుగుదుము. వృశ్చికమున చంద్రుడనగా విశాఖ కడపటి పాదము, అనూరాధ, జ్యేష్ఠలలో చంద్రుడు. పంచాంగమును ఇంటిలోనికి రానీయము, దానిలోని భయమును మాత్రము ఉర్దూ పేరుతో పిలిచి కూర్చుండబెట్టుకొందుము. గణితమును విడిచి జంకును తెచ్చుకొన్నాము. కమిటీ పెద్దలు చింతించవలసినది దీనిని గూర్చియని సవినయముగా మనవి చేయుచున్నాము.

దేశమున గణితపు పంచాంగము లేకపోలేదు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంస్కరణ సంఘము దేశమున వాడుకలోనున్న ముప్పై పంచాంగములను పరిశీలించి, 1955లో నివేదిక ఇచ్చినది. 1957 మార్చి 22న శక సంవత్సరము 1879 చైత్రము 1గా జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. ప్రభుత్వము ప్రచురించుచు వచ్చిన ఈ రాష్ట్రీయ పంచాంగమున తిథులు, నక్షత్రములు, హిజ్రీ మాసములు ఒకే పుస్తకమున కలవు. దానిని వెలువరించిన భాషలలో తెలుగును, ఉర్దూయు రెండును ఉన్నవి. రెండు భాషల కళాశాలకు ఇంతకంటె తగిన పుస్తకము మేము చూపలేము. తెలుగు ప్రతి ఒకటి, ఉర్దూ ప్రతి ఒకటి గ్రంథాలయమునకు తెప్పించవలెననియు, తెలుగు తరగతికి ఒకటి, ఉర్దూ తరగతికి ఒకటి చొప్పున కాలగణనపై రెండు ఉపన్యాసములకు అనుమతి ఇవ్వవలెననియు మరల కోరుచున్నాము. శుభాశుభములు చెప్పబోము. సాయంత్రము మిద్దెపైకి పోయి నెలవంకను చూపి, తిథిని లెక్కింపజేయుదుము.

షామియానాల వ్యాపారి కొడుకు 2024 ఆగస్టులో, శ్రావణమున లగ్గములు మరల మొదలైన రెండవ వారమున వచ్చి, మేము సర్దిన రూకలు తిరిగి ఇచ్చినాడు. వద్దన్నను వినలేదు. పోవుచు, మార్గశిరము వరకు ఏ వారమున ఎన్ని ముహూర్తములున్నవో తన తండ్రి వ్రాసికొన్న కాగితమును చూపినాడు. తిథుల పేర్లన్నియు ఉర్దూ లిపిలో ఉన్నవి.